సీల్ తీస్తేనే బయటపడే లోపం: కొత్త ఎల్పీ వాపసు ఇవ్వడంలో చిక్కెక్కడుంది?

కొత్త ఎల్పీ రికార్డులో (సూదితో పాడించే గ్రామఫోను పళ్లెంలో) లోపం ఉందని వాపసు ఇవ్వబోతే దాదాపు ప్రతిచోటా ఒకటే జవాబు వస్తుంది: "సీల్ తీసేశారు కదా సార్, ఇంక రిటర్న్ కుదరదు." వినడానికి న్యాయంగానే ఉంటుంది. తెరిచిన సరుకును మళ్లీ కొత్తదని చెప్పి ఎవరికి అమ్ముతారు? అయితే రికార్డులో లోపం ఉందో లేదో తెలియాలంటే సీల్ తీసి, ప్లేయర్ మీద పెట్టి, రెండు వైపులా చివరిదాకా వినాలి. వేరే దారి లేదు. లోపం కనిపెట్టడానికి ఏ పని తప్పనిసరో, ఆ పని చేసినందుకే అడిగే హక్కు పోయిందంటున్నారన్నమాట. ఈ ముడిని చట్టం ఒక వైపు నుంచి విప్పుతుంది. రెండో వైపు నుంచి విప్పాల్సింది కొన్నవాళ్లే. అందుకు రికార్డు గురించి కాస్త తెలిసి ఉండాలి.

తిరుపతిలో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. ఇక్కడివాళ్లు కొత్త ఎల్పీలను ఎక్కువగా ఆన్‌లైన్లో తెప్పించుకుంటారు, లేదంటే చెన్నైకో బెంగళూరుకో పనిమీద వెళ్లినప్పుడు తెచ్చుకుంటారు. "ఒకసారి పెట్టి వినిపించన్నా" అని కొట్లో నిలబడి అడిగే వీలుండదు. టీటీడీ పూనికతో 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన అన్నమయ్య కీర్తనల ఎల్పీలను భద్రంగా దాచుకున్న ఇళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లై మళ్లీ ప్లేయర్లు కొంటున్నారు, కొత్త రికార్డులు తెప్పిస్తున్నారు. ఒక్కో ఎల్పీ రెండు వేలో మూడు వేలో పలుకుతోంది. అంత డబ్బు పెట్టాక చెవికి తేడా తగిలితే సర్దుకుపోవాల్సిన పని లేదు. అలాగని ప్రతి చిటపటకూ అమ్మినవాళ్లతో గొడవ పెట్టుకోవడమూ సరికాదు.

లోపం ఎక్కడ పుడుతుంది

తయారీ తెలిస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. ముందుగా లాకర్ (ఒక రకం వార్నిష్) పూత పూసిన అల్యూమినియం పళ్లెం మీద పాటను సన్నటి గాడిగా చెక్కుతారు. దాని మీద వెండి పూత వేసి, నికెల్ ఎక్కించి, ఆ నికెల్‌ను ఊడదీస్తారు. ఇలా రెండు మూడు దశలు దాటాక స్టాంపర్ అనే అచ్చు తయారవుతుంది. ఒక్కో వైపుకు ఒక్కో స్టాంపర్. వాటిని హైడ్రాలిక్ ప్రెస్సులో పైనా కిందా బిగించి, మధ్యలో వేడి పీవీసీ ప్లాస్టిక్ ముద్ద పెట్టి, వంద టన్నుల లెక్కలో ఒత్తిడితో నొక్కుతారు. పూరీ ప్రెస్సులో పిండి ముద్ద పెట్టి నొక్కే తీరే ఇది. ముద్ద అంచుల దాకా సమంగా పరుచుకోవాలి, అచ్చులోని ప్రతి సందులోకీ వెళ్లాలి. నొక్కేటప్పుడు అచ్చుల వెనక ఆవిరి పారుతుంది, నొక్కాక చన్నీళ్లు పారతాయి. ఇదంతా అర నిమిషం అటూ ఇటూ పట్టే పని.

ఆ కాసేపట్లో వేడి తగ్గితే పీవీసీ గాడిలోకి పూర్తిగా దిగదు. సరిగ్గా చల్లారకముందే బయటికి తీస్తే పళ్లెం వంగుతుంది. స్టాంపర్‌కు మధ్య రంధ్రం కొట్టేటప్పుడు కాస్త పక్కకు పోతే, దాంతో నొక్కిన ప్రతి రికార్డూ పక్కకు తిరుగుతుంది. మన చేతికొచ్చే ముఖ్యమైన లోపాలు ఈ మూడే. మిగతావి ప్యాకింగులోనో రవాణాలోనో చేరతాయి.

ఇవి ఇప్పుడెందుకు ఎక్కువగా వినబడుతున్నాయంటే, రికార్డులకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. అమెరికాలో 2022లో ఎల్పీలు సీడీల కంటే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి, 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఇంకోవైపు, లాకర్ పళ్లేలు తయారుచేసే రెండే రెండు పెద్ద కంపెనీల్లో ఒకటైన కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ 2020 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ప్రెస్సులు తక్కువ, ఆర్డర్లు ఎక్కువ. హడావిడి పడే చోట తనిఖీ పలచబడుతుంది.

కవర్ మీద "180 గ్రాములు" అని స్టిక్కరు చూసి చాలామంది ధైర్యపడతారు. మామూలు ఎల్పీ 140 గ్రాముల దాకా ఉంటుంది. బరువు పెరిగినంత మాత్రాన గాడి లోతు పెరగదు, శబ్దం శుభ్రంగా రాదు. మందం ఎక్కువున్న పళ్లెం లోపలిదాకా చల్లారడానికి ఇంకా ఎక్కువసేపు కావాలి. కాబట్టి వంపు విషయంలో ఆ స్టిక్కరు భరోసా ఏమీ ఇవ్వదు.

చెవితో, కంటితో పట్టుకోవడం

నిమిషానికి 33 1/3 చుట్ల స్పీడులో ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకండ్లు పడుతుంది. ఈ అంకెను గుర్తుంచుకోండి. 1.8 సెకండ్లకోసారి తిరిగొచ్చే ఏ శబ్దమైనా, ఏ ఊగుడైనా రికార్డులోనే ఉందని గట్టిగా అనుమానించవచ్చు. ప్లేయర్ మోటారువో, వైర్లవో, ఎర్తింగువో వచ్చే శబ్దాలు సాధారణంగా ఈ లెక్కలో రావు.

అన్నింటికంటే మోసకారి లోపం రంధ్రం తప్పుకోవడం. పైకి రికార్డు నిగనిగలాడుతుంది, గీత ఉండదు, చిటపట ఉండదు. ఎస్వీ సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్న మా పెద్దమ్మ కూతురు ఒకసారి ఇంటికొచ్చినప్పుడు కొత్తగా వచ్చిన వీణ రికార్డు పెట్టాను. రెండో పాట సగంలో ఉండగా, "వీణ మీద మనసు పెట్టకురా, వెనకాల తంబూరా విను" అంది. విన్నాను. కదలకుండా నిలబడాల్సిన శ్రుతి మెల్లగా పైకి పోతోంది, కిందికి జారుతోంది. "వీణలో అయితే గమకమనుకుని పోనిచ్చేస్తాం. తంబూరాకు గమకం ఎక్కడిది?" అంది అక్క. ఇద్దరం ప్లేయర్ ముందు కూర్చుని, సూదిని మోసే టోన్ ఆర్మ్‌ను చూశాం. ఒక్కో చుట్టుకు ఒకసారి లోపలికి జరిగి మళ్లీ బయటికొస్తోంది. పైకీ కిందికీ కాదు, పక్కకు. వంపుకూ దీనికీ కంటికి కనబడే తేడా అదే: వంగిన రికార్డు మీద ఆర్మ్ పైకి లేస్తుంది, రంధ్రం తప్పిన రికార్డు మీద పక్కకు ఊగుతుంది.

ఇది ఎంత పెద్ద తప్పో లెక్కతో చూద్దాం. రంధ్రం 1 మిల్లీమీటరు తప్పుకుందనుకోండి. చివరి పాట దగ్గర సూది మధ్య నుంచి సుమారు 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ శ్రుతి దాదాపు 1.7 శాతం పైకీ, అంతే కిందికీ పోతుంది. ఒక స్వరస్థానానికీ దాని పక్క స్వరస్థానానికీ మధ్య ఉన్న దూరంలో ఇది నాలుగో వంతుకు పైనే. అదే రికార్డు మొదటి పాట దగ్గర సూది 14 సెంటీమీటర్ల పైన దూరంలో ఉంటుంది కాబట్టి ఊగుడు సగం కంటే తక్కువే. మొదటి పాట విని "బాగానే ఉంది" అని తేల్చేస్తే, చివరి పాట వినేసరికి వాపసు గడువు దాటిపోయి ఉండొచ్చు. రికార్డు వచ్చిన వెంటనే రెండు వైపులా చివరి పాటలు వినండి. తంబూరా గానీ, నాదస్వరం మీద నిలిపిన స్వరం గానీ, పియానో గానీ ఉన్న చోటు అయితే మరీ మంచిది. తబలా, డ్రమ్ములు నిండిన సినిమా పాటలో ఇది అంత సులభంగా దొరకదు.

నాన్ ఫిల్ అనే లోపం ఇంకో రకం. పీవీసీ గాడి గోడల్లోకి సరిగ్గా దిగని చోట చర్రుమని చింపుడు శబ్దం కొన్ని చుట్ల పాటు వస్తుంది, తరచుగా ఒక స్పీకర్‌లోనే ఎక్కువ. మెల్లటి పాటల్లో బాగా తెలుస్తుంది. గదిలో లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని రికార్డుకు ఏటవాలుగా పట్టుకుంటే ఆ చోట మెరుపు లేకుండా చిన్న చిన్న తెల్లటి మచ్చలు కనబడతాయి. ఎంత కడిగినా పోవు. దుమ్మయితే పోతుంది. ఈ ఒక్క పరీక్ష చాలు.

వంపు విషయంలో కాస్త ఓపిక కావాలి. అద్దంలా చదునుగా ఉండే ఎల్పీ చాలా అరుదు. ఆర్మ్ కొంచెం లేచి దిగుతున్నా సూది గాడి వదలకుండా, శ్రుతి చెడకుండా పాడుతుంటే దాన్ని లోపం అనడం కష్టం. సూది ఎగిరినా, శ్రుతి ఊగినా, ప్రతి చుట్టుకూ స్పీకర్ కోన్ బయటికి తన్నుకొచ్చినా మాత్రం తప్పకుండా అడగాలి.

ఇక్కడ మన ఎండల సంగతి చెప్పాలి. పీవీసీ రికార్డు 60 డిగ్రీల వేడి దాటితే మెత్తబడడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో మధ్యాహ్నం మూసిన వ్యానులోనో, ఆటో వెనకాలో పార్సిల్ గంటలకొద్దీ ఉంటే ఆ వేడికి దగ్గర పడడం కష్టమేం కాదు. డెలివరీ కుర్రాడు గేటు లోపల ఎండలో పెట్టేసి పోయినా అంతే. అమ్మినవాళ్లకూ ఈ సంగతి తెలుసు. అందుకే వంపు అనగానే "మీరు ఎక్కడ పెట్టారు సార్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మాటతో జవాబు చెబితే వాదన అవుతుంది. పార్సిల్ చేతికి రాగానే, డబ్బా తెరవక ముందూ తెరుస్తున్నప్పుడూ తీసిన వీడియో ఉంటే వాదన ఉండదు. వీలైతే ఆ రెండు నెలలు ఆర్డర్లు ఆపుకోవడం, లేదా నీడలో అందుకునే ఆఫీసు అడ్రసు ఇవ్వడం మేలు.

లోపం కానివి

ఈ భాగం చాలామందికి రుచించదు, అయినా చెప్పక తప్పదు. అమ్మినవాళ్లు ప్రతి ఫిర్యాదునూ అనుమానంగా చూడడానికి కారణం, వచ్చే ఫిర్యాదుల్లో రికార్డు తప్పు లేనివి కూడా ఉండడమే.

సూట్‌కేసు మాదిరి చవక ప్లేయర్ల మీద, బేస్ ఎక్కువున్న చోట సూది ఎగిరిపోవడం మామూలు. వాటి సూది సుమారు 5 గ్రాముల బరువుతో గాడిని నొక్కుతుంది, అయినా గట్టిగా తిరిగే మలుపుల్లో నిలవలేదు. సూది బిగించి ఉండే కార్ట్రిడ్జి మంచిదైతే దానికి 1.8, 2 గ్రాములు చాలు. ఆడియో టెక్నికా వీఎం95కు 2 గ్రాములు, ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు అని ఆ కంపెనీలే చెబుతాయి. సూది ఎగురుతోందని రాసే ముందు ప్లేయర్ సమతలంగా ఉందో లేదో, సూది బరువు సరిగ్గా పెట్టారో లేదో చూసుకోండి. కుదిరితే ఇంకొకరి ప్లేయర్ మీద వినండి. రెండు ప్లేయర్ల మీద ఒకే చోట ఎగిరితే ఇక అనుమానం లేదు.

చివరి పాటలో స, శ, ష శబ్దాలు గీరుకున్నట్టు వినబడడం కూడా సాధారణంగా ఆ ఒక్క కాపీ లోపం కాదు. బయటి అంచు దగ్గర గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పోతుంది. లోపలికొచ్చేసరికి 21 సెంటీమీటర్లే. అంత తక్కువ దూరంలో అంతే సంగీతం ఇరికించాలి. సూది మొన బాగుంటే ఈ బాధ తగ్గుతుంది, పూర్తిగా పోదు. పాట మొదలయ్యే ముందు అదే పాట లీలగా వినబడడం కూడా పక్క గాడి ప్రభావమే, చెక్కేటప్పుడే వచ్చింది, కాపీ మార్చినా అలాగే ఉంటుంది. పళ్లెం మీదే బొమ్మ ఉండే రికార్డుల్లో ఆ బొమ్మ మీద పలుచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, వాటిలో గరగర ఎక్కువే. అది తెలిసే కొనాలి.

కొత్త రికార్డు చిటపటలాడడానికి ఎక్కువగా లోపలి కాగితం కవర్ పొట్టు, దాంతో పుట్టిన స్టాటిక్ (స్థిర విద్యుత్తు) కారణం. ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌తో తుడవండి. తడిపి కడగాల్సి వస్తే బోరు నీళ్లు వద్దు. మా వైపు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక గాడిలో తెల్లటి పొర మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి. కడిగే ముందు ఒక వీడియో, కడిగాక ఇంకొకటి తీసి ఉంచుకుంటే, "మీరు కడిగి పాడుచేశారు" అనే మాటకు చోటుండదు. కడిగాక కూడా అదే చోట, 1.8 సెకండ్లకోసారి అదే టిక్కు వస్తే, అది గాడిలోనే ఉంది.

అమ్మేవాళ్ల బాధ

వాళ్లకూ ఒక బాధ ఉంది. విదేశీ కంపెనీ రికార్డు ఒక డిస్ట్రిబ్యూటర్ ద్వారా దిగుమతై చిన్న కొట్టుకు చేరుతుంది. తెరిచిన కాపీని కొట్టువాడు తిరిగి కొత్తదానిగా అమ్మలేడు. డిస్ట్రిబ్యూటర్ దానికి డబ్బు ఇవ్వాలంటే రుజువు అడుగుతాడు. కొన్నవాళ్లు "సౌండ్ బాలేదు" అని ఒక్క ముక్క రాస్తే, ఆ ముక్కను పట్టుకుని అతను పైవాళ్లను ఏం అడగగలడు? మోసాలూ ఉన్నాయి. కొత్త కాపీ కొని, ఇంట్లో అరిగిపోయిన పాత కాపీని ఆ కవర్లో పెట్టి తిప్పి పంపేవాళ్లుంటారు. ఒక్క దెబ్బకు కొట్టువాడి నెల లాభం పోతుంది.

కాబట్టి మీ ఫిర్యాదు, కొట్టువాడు ఒక్క అక్షరం మార్చకుండా డిస్ట్రిబ్యూటర్‌కు పంపగలిగేలా ఉండాలి. లేబుల్‌కూ చివరి పాటకూ మధ్య నున్నటి జాగాలో గీరి రాసిన అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అవి ఆ రికార్డు ఏ అచ్చు నుంచి వచ్చిందో చెప్పే గుర్తులు. వాటి ఫొటో తప్పక పెట్టండి. అదే కాపీ తిరిగొచ్చిందో లేదో, అదే అచ్చు కాపీలు ఇంకా కొట్లో ఉన్నాయో లేదో వాళ్లకు తెలుస్తుంది. తర్వాత చోటు: "బీ సైడు, మూడో పాట, 1 నిమిషం 40 సెకండ్ల నుంచి కుడి స్పీకర్‌లో చింపుడు శబ్దం" అని రాయండి. రంధ్రం తప్పిందంటే టోన్ ఆర్మ్ పక్కకు ఊగడం కనబడేలా నాలుగైదు చుట్ల వీడియో చాలు. వంపు అయితే రికార్డును చదునైన అద్దం మీద పెట్టి, లేచిన అంచు పక్కన స్కేలు నిలబెట్టి ఫొటో తీయండి. ఏ ప్లేయర్, ఏ సూది, ఎంత బరువు అన్నది కూడా ఒక వాక్యంలో చెప్పేయండి. వాళ్లు అడగబోయే ప్రశ్న అదే కాబట్టి.

ఈలోగా రికార్డుకు వైద్యం చేయకండి. వంపు తీయాలని రెండు అద్దాల మధ్య పెట్టి వేడి చేయడం, రంధ్రాన్ని అరగదీసి మధ్యకు తేవడం మీ సొంత రికార్డు మీద మీ ఇష్టం. వాపసు ఇవ్వబోయే రికార్డు మీద ఆ పని చేస్తే మీ వాదన అక్కడితో ముగిసిపోతుంది.

చట్టం ఏమంటుంది

సీల్ ముడిని విప్పే మాట మన దేశంలో 1930 నుంచే ఉంది. వస్తు విక్రయ చట్టం ప్రకారం, ముందు చూడకుండా కొన్న సరుకును పరీక్షించుకునే తగిన అవకాశం దొరికే దాకా కొన్నవాళ్లు దాన్ని అంగీకరించినట్టు కాదు. 41వ సెక్షన్ చెప్పేది అదే. రికార్డును పరీక్షించడమంటే వినడమే. కాబట్టి సీల్ తీయడం అంగీకారానికి గుర్తని వాదించడం కష్టం. అయితే 42వ సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది: నిరాకరిస్తున్నానని చెప్పకుండా తగినంత కాలం దాటి అట్టిపెట్టుకుంటే అంగీకరించినట్టే. దసరాకు కొన్న రికార్డును సంక్రాంతికి తెరిచి గొడవ పెట్టుకుంటే చట్టం మీ పక్కన ఉండడం కష్టం.

43వ సెక్షన్ గురించి చాలామందికి తెలియదు. వేరే ఒప్పందం లేకపోతే, సరుకును నిరాకరించే హక్కున్న కొనుగోలుదారు దాన్ని తిరిగి పంపాల్సిన పని లేదు, నిరాకరిస్తున్నానని అమ్మినవాళ్లకు తెలియజేస్తే చాలు. "ముందు మీ ఖర్చుతో చెన్నైకి కొరియర్ చేయండి, తర్వాత చూస్తాం" అన్నప్పుడు ఈ సెక్షన్‌ను గుర్తుచేయవచ్చు. వాళ్ల షరతుల్లో ముందే వేరేగా రాసి ఉంటే సంగతి వేరు. రికార్డును మాత్రం నిలువుగా, నీడలో, భద్రంగా ఉంచండి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఇంకా సూటిగా ఉంటుంది. నాణ్యతలో తప్పుంటే, రాసుకున్న ఒప్పందం ప్రకారమే కాదు, చెప్పకుండానే అర్థమయ్యే ఒప్పందం ప్రకారమూ, అమ్మినవాళ్లు చెప్పుకున్న గొప్ప ప్రకారమూ అది లోపమే. రికార్డు నిలకడగా పాడాలన్నది చెప్పకుండానే అర్థమయ్యే ఒప్పందం. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరిస్తే ఆ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. ఇక్కడ బిల్లు కీలకం. "7 రోజులు" అని ఉంటే ఆ 7 రోజుల్లోనే, ఫోన్లో కాకుండా రాతలో తెలియజేయండి. అసలు బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అదే చట్టం అనుచిత పద్ధతి కిందే లెక్కేస్తుంది. నేను అందరికీ చెప్పేది, రికార్డు ప్లేయర్ మీదికి ఎక్కక ముందే బిల్లును ఫొటో తీసి పెట్టుకోమని.

ఆన్‌లైన్లో కొన్నవాళ్లకు 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఇంకో అండ. లోపమున్న సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోననడానికీ, డబ్బు తిరిగివ్వననడానికీ వీల్లేదని అవి తేల్చిచెబుతాయి. ఆ సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. "మ్యూజిక్ కేటగిరీకి రిటర్న్ లేదు" అనే షరతు, మనసు మారి వెనక్కి ఇచ్చేవాళ్ల విషయంలో నిలబడుతుంది. లోపం ఉన్నప్పుడు నిలబడదు. అందుకే మీ ఫిర్యాదులో "నచ్చలేదు", "అనుకున్నంత బాగా లేదు" అనే మాటలు రాయకండి. లోపం పేరు, చోటు, రుజువు రాయండి, ఏం కావాలో కూడా రాయండి.

ఏం కావాలన్న చోట చాలామంది ఆలోచించకుండా "మార్చి ఇవ్వండి" అనేస్తారు. లోపాన్ని బట్టి అడగాలి. వంపు, నాన్ ఫిల్ ఒక కాపీలో ఉండి ఇంకో కాపీలో లేకపోవచ్చు, కాబట్టి మార్చమనడంలో అర్థముంది. రంధ్రం తప్పడం అచ్చులోనే ఉన్న తప్పు అయినప్పుడు, ఆ అచ్చు నుంచి వచ్చిన కాపీలన్నీ అలాగే ఊగుతాయి. మార్చి పంపిన కాపీ మీద కూడా అవే అంకెలుంటే అదే కథ మళ్లీ మొదలు. అక్కడ డబ్బు వాపసే అడగాలి.

అమ్మినవాళ్లు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. చాలా చిన్న గొడవలు అక్కడే తెగిపోతాయి. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చిత్తూరులోనూ తిరుపతిలోనూ కమిషన్లున్నాయి. అమ్మినవాళ్లు ముంబైలో ఉన్నా సరే, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు, మా లాంటి ఊళ్లవాళ్లకు దీనివల్ల జరిగిన మేలు అంతా ఇంతా కాదు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. 2025 జనవరిలో మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంట్లో కూర్చునే వేయవచ్చు. మూడు వేల రికార్డుకు ఇంత అవసరమా అనిపించడం సహజం. చాలాసార్లు కమిషన్ దాకా పోవాల్సిన పనే రాదు. సెక్షన్ల పేర్లూ, ఫొటోలూ, తేదీలూ ఉన్న ఒక మంచి ఈమెయిల్ చూశాక అవతలివాళ్ల ధోరణి మారుతుంది.

విదేశీ సైట్ల నుంచి నేరుగా తెప్పించుకున్న రికార్డులకు ఈ చట్టబలం పేరుకు ఉన్నా, ఆచరణలో పట్టుబట్టడం చాలా కష్టం. తిరిగి పంపే పోస్టు ఖర్చే రికార్డు ధరను మింగేస్తుంది, కట్టిన కస్టమ్స్ సుంకం తిరిగి రాబట్టుకోవడమూ తేలిక కాదు. అక్కడ మీకున్న బలమల్లా అమ్మినవాళ్ల మంచిపేరు, మీరు పంపే రుజువు. కొనేముందే వాళ్ల షరతులు చదువుకోవాలి.

కొన్నిసార్లు అమ్మినవాళ్లు మధ్యేమార్గంగా, "రికార్డు మీ దగ్గరే ఉంచుకోండి సార్, కొంత డబ్బు వెనక్కి వేస్తాం" అంటారు. కవర్ మూల నలిగినప్పుడు, ప్రయాణంలో రికార్డు అటూ ఇటూ కదిలి కవర్ అంచు చినిగినప్పుడు ఇది మంచి బేరమే, పాట చెడలేదు కాబట్టి. ఒక పాటలో రెండు టిక్కులున్నా ఒప్పుకోవచ్చు. శ్రుతి ఊగే రికార్డుకు మాత్రం ఒప్పుకోకండి. సగం ధరకు వచ్చినా దాన్ని మళ్లీ పెట్టుకుని వినాలనిపించదు. ఒప్పుకునే పక్షంలో ఎంత డబ్బు, ఎప్పటిలోగా అన్నది రాతలో తీసుకోండి. "ఇంతటితో పూర్తి పరిష్కారం" అని వాళ్లు రాస్తే, దానికి సరేనన్నాక ఇదే రికార్డు మీద ఇంకో ఫిర్యాదు నిలవడం కష్టమని తెలుసుకుని, రెండు వైపులా ఇంకోసారి విని, అప్పుడు జవాబివ్వండి.